ఆత్మరక్షణ శిక్షణలో చట్టం పాఠమేదీ? దివ్యాంగులకు, వృద్ధులకు చోటేదీ?

సంపాదకులకు,

ఆర్యా,

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే విశాఖలో ఏ కూడలిలో చూసినా కరాటే, తైక్వాండో, కిక్‌బాక్సింగ్ శిబిరాల ఫ్లెక్సీలే కనిపిస్తాయి. అంతకుముందు మార్చిలో మహిళా దినోత్సవం పేరిట కళాశాలల్లో ఒక పూట ఆత్మరక్షణ ప్రదర్శనలు జరుగుతాయి. తెల్ల దుస్తుల్లో అమ్మాయిలు వరుసగా పెంకులు పగలగొడతారు, వేదిక మీది పెద్దలు చప్పట్లు కొడతారు, మర్నాడు పత్రికల్లో ఫొటోలు వస్తాయి. ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయురాలిగా (పీఈటీగా) పనిచేసి పదవీ విరమణ చేసిన నేను, ఇప్పుడు మద్దిలపాలెం వైపు మా కాలనీ సామాజిక భవనంలో సాయంత్రాలు కొందరికి ఆత్మరక్షణ నేర్పుతున్నాను. ఆ ప్రదర్శనలను చిన్నచూపు చూడను. వాటిని చూసి ఉత్సాహపడి నా దగ్గరకు వచ్చిన పిల్లలున్నారు. అయితే దెబ్బ ఎలా కొట్టాలో చెప్పేవారు ఆ దెబ్బ కొట్టే హక్కు ఎప్పుడు పుడుతుందో, ఎప్పుడు ముగుస్తుందో చెప్పడం లేదు. పైగా ఆ శిక్షణంతా ఇరవై ఏళ్ల వయసు, నిక్షేపంలాంటి మోకాళ్లు, చూపు, వినికిడి ఉన్నవారికోసమే అన్నట్టు సాగుతోంది. ఈ విషయం నగర ప్రజల దృష్టికీ, అధికారుల దృష్టికీ తేవాలనే ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి. 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పాత స్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న ఆత్మరక్షణ సెక్షన్లు కొత్త సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్నాయి. అంకెలు మారాయి గానీ సారం దాదాపు అదే. ఆత్మరక్షణ హక్కును వినియోగించుకుంటూ చేసిన పని నేరం కాదని 34వ సెక్షన్ చెబుతుంది. ఆ హక్కు మన శరీరానికే పరిమితం కాదని, పక్కవారి శరీరాన్ని కాపాడటానికి కూడా వర్తిస్తుందని, దొంగతనం, దోపిడీ, విధ్వంసం, అక్రమ ప్రవేశం వంటి నేరాల నుంచి మన ఆస్తినీ ఇతరుల ఆస్తినీ కాపాడుకోవచ్చని 35వ సెక్షన్ చెబుతుంది. ఈ మాట మా తరగతిలో చెప్పినప్పుడు, పక్క సీటులో కూర్చున్న అమ్మాయిని ఎవడో వేధిస్తుంటే అడ్డుకోవడానికి తమకు చట్టం అండ ఉందని తెలియనివారే ఎక్కువమంది కనిపించారు. చాలామంది ‘మనకెందుకొచ్చిన గొడవ’ అని తల తిప్పుకోవడానికి పిరికితనం కంటే కేసుల భయమే కారణమని నాకు అనిపిస్తుంది.

ఈ హక్కుకు హద్దులున్నాయి. వాటిని 37వ సెక్షన్ స్పష్టంగానే చెబుతోంది. పోలీసుల వంటి అధికారుల రక్షణ పొందడానికి సమయం ఉన్నప్పుడు ఈ హక్కు లేదు. అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేసే హక్కు ఎన్నడూ లేదు. విధి నిర్వహణలో సద్బుద్ధితో వ్యవహరిస్తున్న ప్రభుత్వోద్యోగి మీద, అతనివల్ల మరణభయమో తీవ్ర గాయాల భయమో సహేతుకంగా కలిగితే తప్ప, ఈ హక్కును ప్రయోగించరాదు. ఇక ఆరంభం, ముగింపుల సంగతి 40వ సెక్షన్‌లో ఉంది. ప్రయత్నం వల్ల గానీ బెదిరింపు వల్ల గానీ ప్రమాదం ముంచుకొస్తోందన్న సహేతుకమైన భయం కలిగిన క్షణం నుంచే హక్కు మొదలవుతుంది. ముందు దెబ్బ తినాలని చట్టం ఎక్కడా అనలేదు. ఆ భయం ఉన్నంతసేపే హక్కు ఉంటుంది. భయం తొలగిన తరువాత వేసే ప్రతి దెబ్బా, ఎంత కోపంతో వేసినా, ఎంత న్యాయమనిపించినా, కొత్త నేరమే.

దీన్ని మన సిటీ బస్సులోనే పెట్టి చూద్దాం. సాయంత్రం రద్దీలో ఒక మహిళ వెనక నిలబడ్డవాడు కావాలని మీద పడుతున్నాడు. ఆమె గట్టిగా అరిచి, మోచేత్తో వాడిని వెనక్కి నెట్టి, వాడు మళ్లీ చెయ్యి వేస్తే ఆ చేతిని విదిలించి కొట్టింది. ఇక్కడివరకు ఆమె చట్టం లోపలే ఉంది. బస్సు ఆపారు, వాడిని కిందికి దించారు, పదిమంది చుట్టూ చేరి కాళ్లతో తన్నడం మొదలుపెట్టారు. ఆమెకు ప్రమాదం అప్పటికే తొలగింది కాబట్టి ఆ పదిమందీ ఇప్పుడు నిందితులు కాగలరు. వాడికి పక్కటెముక విరిగితే ఆమె ఇచ్చిన ఫిర్యాదు పక్కకు పోయి వాడు పెట్టిన కేసు ముందుకొస్తుంది. అలాంటప్పుడు చేయదగినది ఏమిటంటే, వాడు పారిపోకుండా పట్టుకుని పోలీసులకు అప్పగించడం. తన కళ్లెదుట బెయిలు రాని, పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరం జరిగితే సామాన్య పౌరుడు కూడా నేరస్తుడిని పట్టుకోవచ్చని అరెస్టులు, ఫిర్యాదుల వంటి విధివిధానాలు చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ అనుమతిస్తోంది. కాకపోతే అనవసరపు జాప్యం లేకుండా, ఆరు గంటల లోపల పోలీసులకు అప్పగించాలి. ఏ శిబిరంలోనైనా దీని గురించి ఒక్క ముక్క చెప్పారా అని నేను అడిగినవారంతా లేదనే అన్నారు.

ప్రాణం తీసేంతవరకు వెళ్లే హక్కు గురించి మన సినిమాలు కల్పించిన అపోహలు తక్కువేం కాదు. శరీరం మీద జరిగే దాడుల విషయంలో 38వ సెక్షన్ ఆ సందర్భాలను విడిగా చెప్పింది: మరణభయం, తీవ్ర గాయాల భయం, అత్యాచార యత్నం, అసహజ లైంగిక దాడి, అపహరణ, పోలీసుల సాయం అందే వీలు లేనివిధంగా నిర్బంధించడం, యాసిడ్ దాడి లేదా దాని ప్రయత్నం. ఇందులో యాసిడ్ దాడిని 2013 సవరణతో చేర్చారు. శరీరం మీద జరిగే మిగతా దాడులలో మరణం తప్ప మరే హానికైనా, అదీ అవసరమైన మేరకే, హక్కు ఉంటుంది. ఇక్కడే మా వంటి శిక్షకుల బాధ్యత బయటపడుతుంది. వేళ్లు విరవడం, మోచేయి కీలు తప్పించడం శిబిరాలలో ఎంతో ఉత్సాహంగా నేర్పుతారు. న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఎముక విరగడం, కీలు తప్పడం, పన్ను ఊడటం కూడా తీవ్ర గాయాలే; కావాలని తీవ్ర గాయం చేస్తే ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. వేలు విరిచే పట్టు నేర్పవద్దని నేను అనను, నేనూ నేర్పుతాను. మెడ నొక్కుతున్న చేతి వేలు విరిస్తే అది రక్షణ అవుతుంది. క్యూలో తోసుకున్నవాడి వేలు విరిస్తే అది నేరమవుతుంది. ఈ తేడా చెప్పకుండా ఆ పట్టు నేర్పడం మాత్రం తప్పంటాను.

అలాగని దాడికి గురైనవారు త్రాసు పట్టుకుని తూచినట్టు దెబ్బలు వేయాలని కూడా న్యాయస్థానాలు అనడం లేదు. ఆత్మరక్షణ చేసుకుంటున్న మనిషి భయంలో, కంగారులో ఎంత బలం వాడాడో బంగారపు త్రాసులో తూచకూడదని సుప్రీంకోర్టు ఎన్నో తీర్పులలో చెప్పింది. 2010లో దర్శన్ సింగ్ కేసు తీర్పులో ఈ సూత్రాలన్నింటినీ ఒకచోట కూర్చి, చట్టానికి లోబడి బతికే పౌరుడు దాడి ఎదురైనప్పుడు పిరికివాడిలా ప్రవర్తించాలని చట్టం కోరడం లేదని స్పష్టం చేసింది. ఆత్మరక్షణ కోసమే కొట్టానని రుజువు చేసుకునే భారం నిందితుడిదే అయినా, సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కరలేదు. అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపగలిగితే చాలు. కాబట్టి ఘటన జరిగాక చేయవలసిన పనులు కూడా శిక్షణలో భాగం కావాలి. మొదట అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయాలి. గాయమైతే కేజీహెచ్ వంటి ఆసుపత్రిలో మెడికో-లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేసే గాయాల కేసుగా) నమోదు చేయించుకోవాలి. చిరిగిన బట్టలు ఉతకకుండా దాచాలి. చుట్టుపక్కల దుకాణాలలో సీసీ కెమెరాలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకుని, దృశ్యాలు చెరిగిపోకముందే పోలీసులకు చెప్పాలి. నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలని ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షనే చెబుతోంది. గాజువాకలో జరిగిందాన్ని త్రీటౌన్‌లో ఇస్తామంటే కుదరదని తిప్పి పంపడానికి వీల్లేదు. తాను కొట్టాను కాబట్టి ఠాణాకు వెళ్లకపోవడమే మేలని భయపడి ఇంట్లో కూర్చునేవారు చివరికి ఎదుటివాడి కథనమే మొదటి కథనమయ్యేలా చేసుకుంటారు.

బీచ్ రోడ్డులో ఉదయపు నడకకు వచ్చే పెద్దవారు గొలుసు దొంగల గురించే ఎక్కువగా అడుగుతారు. గొలుసు తెంపుకుపోవడాన్ని న్యాయ సంహిత 304వ సెక్షన్ ఇప్పుడు ప్రత్యేక నేరంగా గుర్తించి మూడేళ్ల వరకు జైలు విధించింది. దొంగ మీద పడిన క్షణంలో గొలుసును పట్టుకోవచ్చు, వాడిని తోయవచ్చు, చేతికర్రతో అడ్డుకోవచ్చు. ఆ హక్కు ఉంది. కానీ బండి మీద వెళుతున్నవాడి చేతిలో గొలుసు ఒక కొస, మన మెడలో మరో కొస ఉన్నప్పుడు హక్కు కంటే మెడ ముఖ్యమని నేను వారికి చెబుతాను. హక్కు ఉందని ప్రతిసారీ దాన్ని వాడి తీరాలని ఏమీ లేదు. బండి నంబరు, రంగు, వెనక కూర్చున్నవాడి చొక్కా, ఎటు తిరిగాడన్నది గుర్తుపెట్టుకోవడం కూడా ఆత్మరక్షణలో భాగమేనని మా తరగతిలో అభ్యాసం చేయిస్తాము.

ఇక రెండో విషయానికి వస్తాను. నా మనసులో ఎక్కువ రోజులుగా నలుగుతున్నది ఇదే. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 21 రకాల వైకల్యాలను గుర్తించింది. హింసకు, దోపిడీకి గురవుతున్న దివ్యాంగుల గురించి ఎవరైనా సరే కార్యనిర్వాహక మేజిస్ట్రేటుకు తెలియజేయవచ్చని దాని 7వ సెక్షన్ చెబుతోంది. దివ్యాంగులను అవమానించే ఉద్దేశంతో దాడి చేసినవారికి ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలుశిక్షను 92వ సెక్షన్ విధిస్తోంది. వైకల్యం ఉన్న మహిళ కొన్ని లైంగిక నేరాలపై ఫిర్యాదు చేయాలంటే పోలీసులే ఆమె ఇంటికి గానీ ఆమెకు అనువైన చోటికి గానీ వెళ్లి, అనువాదకుల లేదా ప్రత్యేక విద్యా నిపుణుల సమక్షంలో, వీడియో తీస్తూ నమోదు చేయాలని నాగరిక సురక్షా సంహిత నిర్దేశిస్తోంది. ఇన్ని నిబంధనలున్నా, మన నగరంలో దివ్యాంగులకు అందుబాటులో ఉన్న ఒక్క ఆత్మరక్షణ తరగతి కూడా నా కంటపడలేదు. ‘వాళ్లేం చేయగలరు’ అన్న ధోరణే దీనికి కారణం.

ఏం చేయగలరో నేను చూశాను. చూపు పూర్తిగా లేని ఒక డిగ్రీ విద్యార్థి మా తరగతికి తెల్లకర్ర పట్టుకుని వస్తాడు. దెబ్బలు, తన్నులు అతనికి మొదలుపెట్టలేదు, జూడోతో మొదలుపెట్టాను. చూపు లేనివారి జూడోలో ఇద్దరూ ఒకరి దుస్తులు ఒకరు పట్టుకున్నాకే పోటీ మొదలవుతుంది, కాబట్టి ఎదుటివాడు ఎక్కడున్నాడన్న ప్రశ్నే ఉండదు. కాలరు పట్టుకున్న అతని వేళ్లను గమనించాను: ఎదుటివాడు కుడికాలు ఎత్తబోయే ముందు బరువు ఎడమకు జరగడం బట్టలోని లాగుడును బట్టే అతనికి తెలిసిపోతోంది. కళ్లతో చూసి ఎత్తుగడ వేద్దామనుకున్న బలమైన కుర్రాడు అంతలోనే చాప మీద ఉన్నాడు. తరువాత ఆ కుర్రాడు కళ్లు మూసుకుని సాధన చేస్తానని తనంతట తానే అడిగాడు. ఇదేదో వింత కాదు. చూపు లేనివారి జూడో 1988 సియోల్ నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కపిల్ పర్మార్ కాంస్యం గెలిచి ఈ క్రీడలో దేశానికి తొలి పతకం తెచ్చాడు. చేతులు కోల్పోయినవారు ఆడే పారా తైక్వాండో టోక్యోలో ప్రవేశించింది. చక్రాల కుర్చీలో కత్తిసాము పోటీలు 1960 రోమ్ నుంచే ఉన్నాయి. పతకాల కోసం ఇంత జరిగినప్పుడు, సిరిపురం నుంచి ఇంటికి క్షేమంగా చేరడం కోసం కొంతైనా జరగకూడదా?

మోకాళ్ల నొప్పులతో చేతికర్ర సాయంతో నడిచే ఒక పెద్దావిడ మొదటిరోజే నాతో, “టీచరమ్మా, కాలెత్తమంటే నా వల్ల కాదు గానీ, నోరెత్తమంటే మా వీధంతా వస్తాది” అన్నారు. అంతకంటే మంచి ప్రారంభం ఉండదు. ఆవిడకు నేర్పింది ఇంతే: వీపును గోడకు ఆనించి నిలబడటం, కర్రను గాలిలో ఊపకుండా రెండు చేతులతో ఛాతీకి అడ్డంగా పట్టుకుని ముందుకు నెట్టడం, కర్ర ఎవరైనా లాగితే దానితోపాటు ముందుకు తూలకుండా వదిలేయడం, పడిపోవలసి వస్తే గడ్డం ఛాతీకి ఆనించి తల నేలకు తగలకుండా పడటం. ఆ చివరిది జూడోలో పిల్లలకు మొదటివారం నేర్పే పాఠం. దాడి చేసేవాడు జీవితంలో ఎదురుపడకపోయినా, స్నానాలగదిలో జారిపడే ప్రమాదం పెద్దవారికి ప్రతిరోజూ ఉంటుంది కాబట్టి అది ఎప్పటికైనా పనికొస్తుంది.

చక్రాల కుర్చీలో ఉన్నవారి కష్టం వేరు. వెనక పిడులు పట్టుకుని ఎవరు ఎటు తోసినా వెళ్లవలసిందే అన్న అసహాయత వారిని బాధిస్తుంది. రెండు చక్రాల బ్రేకులూ ఒక్కసారిగా వేయడం, ఒక చక్రాన్ని ఆపి మరోదాన్ని తిప్పి దాడి చేసేవాడికి ఎదురుగా తిరగడం, దగ్గరగా వంగినవాడి మీద మోచేతిని, మణికట్టు దగ్గరి అరచేతి గట్టి భాగాన్ని వాడటం నేర్పవచ్చు. కూర్చున్న మనిషి చేతికి నిలబడ్డవాడి మోకాలు, తొడ, పొట్ట అందుబాటులో ఉంటాయన్న సంగతి చాలామందికి తట్టదు. వినికిడి లేనివారికి వెనకనుంచి వచ్చే అలికిడి తెలియదు కాబట్టి గోడవైపు వీపు పెట్టి కూర్చోవడం, దుకాణాల అద్దాలలో వెనకవైపు గమనించడం, గొంతుకు బదులు విజిల్ వాడటం అలవాటు చేయించాలి. వీరికి సంజ్ఞాభాష తెలిసిన మనిషి లేకుండా తరగతి నడపడం దండగ. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల విషయంలో పట్లు, దెబ్బలు చివరి సంగతి. వారికి హాని తలపెట్టేది ఎక్కువగా తెలిసినవారే కాబట్టి, ‘వద్దు’ అని గట్టిగా చెప్పడం, అక్కడినుంచి లేచి వెళ్లిపోవడం, అమ్మకే కాక మరో నమ్మకస్తుడైన పెద్దకు కూడా చెప్పడం మళ్లీమళ్లీ అభ్యాసం చేయించాలి. స్నానం చేయించేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు కూడా తమ అనుమతి అడగాలని వారికి నేర్పితే సేవకులకు కాస్త ఇబ్బందే. ఆ ఇబ్బంది పడవలసిందే.

మరో మాట. మతిస్థిమితం లేనివారు, మద్యం మత్తులో ఉన్నవారు మీద పడినప్పుడు వారు చట్టం దృష్టిలో నేరస్తులు కాకపోవచ్చు. అయినా మనకు ఆత్మరక్షణ హక్కు యథాతథంగా ఉంటుందని 36వ సెక్షన్ చెబుతోంది. మానసిక వ్యాధిగ్రస్తులను ఇంట్లో చూసుకుంటున్న కుటుంబాలు ఈ విషయం తెలియక దెబ్బలు తింటూ మౌనంగా ఉంటున్నాయి. వారికి కావలసింది కొట్టడం కాదు, గాయపరచకుండా నిలువరించే పట్లు, మధ్యలో బల్లో కుర్చీయో అడ్డుపెట్టుకుని దూరం జరిగే పద్ధతులు. వీటిని నేర్పేవారు మన దగ్గర దాదాపు లేరు.

శిక్షణలో దేనికెంత చోటివ్వాలన్న విషయంలో నా అభిప్రాయాన్ని బలపరిచే పరిశోధన ఒకటుంది. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాలలో మొదటి సంవత్సరం చదువుతున్న 893 మంది యువతుల మీద జరిగిన అధ్యయనాన్ని 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. పన్నెండు గంటల శిక్షణ పొందినవారిలో ఏడాదిలోగా అత్యాచారానికి గురైనవారు 5.2 శాతం కాగా, కరపత్రాలు మాత్రమే అందుకున్నవారిలో 9.8 శాతం. ఆ పన్నెండు గంటల్లో చేతులతో, కాళ్లతో చేసే సాధన ఒక భాగం మాత్రమే. తెలిసిన మనిషి ప్రవర్తనలో ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, పరిచయస్తుడన్న మొహమాటాన్ని దాటడం, మాటతో అడ్డుకోవడం మిగతా భాగం. పెంకులు పగలగొట్టడానికి ఇందులో చోటే లేదు. మన ఆడపిల్లలకు చిన్నప్పటినుంచీ గొంతు తగ్గించి మాట్లాడమనే నేర్పాం, అందుకే మొదటి రెండు వారాలూ నా తరగతిలో అరుపులే సాధన చేయిస్తాను. “ఎవడ్రా నువ్వు, దూరం జరుగు!” అని పొట్టలోంచి అరవమంటే ఎం.టెక్. చదివిన పిల్లలు కూడా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేస్తారు. చేపల మార్కెట్లో అమ్మే మత్స్యకార మహిళలకు ఆ పాఠం అక్కరలేదన్నది వేరే సంగతి.

వెంట ఏం తీసుకెళ్లాలన్నది అందరూ అడిగే ప్రశ్న. రుషికొండ ఐటీ కొండల నుంచి రాత్రి వేళ ఇంటికి వచ్చేవారు, పరవాడ ఫార్మా పరిశ్రమల షిఫ్టులు ముగించుకుని వచ్చేవారు సంచిలో చాకు పెట్టుకోవడం నేను ఎరుగుదును. సాధన లేని చేతిలోని చాకును ఎదుటివాడు లాక్కోవడం ఎంతో తేలిక. దాన్ని తీసిన మరుక్షణం ఏం జరిగినా తీవ్ర గాయమో ప్రాణహానియో అవుతుంది, చట్టం ముందు నిలబడటమూ కష్టమవుతుంది. పెప్పర్ స్ప్రే కొంత మేలే గానీ అది కూడా ఆత్మరక్షణకే. 2024లో కర్ణాటక హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో దాన్ని వాడినవారిపై కేసు కొట్టేయడానికి నిరాకరిస్తూ అది ప్రమాదకర ఆయుధమేనంది. గాలి మన వైపు వీచే బీచ్ రోడ్డులో అది మన కళ్లలోనే పడుతుందని కూడా గుర్తుంచుకోవాలి. విజిల్, టార్చి, ఛార్జింగ్ ఉన్న ఫోన్, నడిచి పరిగెత్తగలిగే చెప్పులు, వీటి మీద ఎవరూ కేసు పెట్టలేరు. చాలా ఫోన్లలో పవర్ బటన్ వరుసగా నొక్కితే అత్యవసర కాల్ వెళుతుంది. పాత మీటల ఫోన్లలో 5 లేదా 9 అంకెను అదిమిపట్టాలి. మీ ఫోన్లో ఎలా ఉందో ఈరోజే చూసుకోండి. మహిళలకు 181, పిల్లలకు 1098, వృద్ధులకు 14567 నంబర్లున్నాయి.

శిక్షకుల విషయంలో తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. పట్లు నేర్పేటప్పుడు తాకడం తప్పదు. ఎక్కడ తాకబోతున్నామో ముందే చెప్పి, పిల్లలు వద్దంటే ఆపే శిక్షకుడి దగ్గరకే పంపండి. తలుపు మూసి నేర్పేచోటికి, తల్లిదండ్రులను కూర్చోనివ్వని చోటికి పంపకండి. మా వృత్తిలో బెల్టుల రంగులు అడిగేవారున్నారు గానీ ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ.

ఇక సంబంధిత అధికారులకు నా విన్నపాలు. పాఠశాల విద్యకు సంబంధించిన సమగ్ర శిక్ష పథకం కింద ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండు తరగతుల ఆడపిల్లలకు రాణీ లక్ష్మీబాయి పేరిట మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ పథకం ఉంది. ఆ మూడు నెలల్లో కనీసం రెండు తరగతులు చట్టానికి కేటాయించి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి పారా లీగల్ వాలంటీరును (చట్టంపై అవగాహన కల్పించే స్వచ్ఛంద కార్యకర్తను) పిలిపించాలి. మహిళలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ఇచ్చిందని, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చని ఆ తరగతిలోనే చెప్పాలి. మగపిల్లలను ఆ తరగతుల నుంచి బయటికి పంపడం మానాలి. హద్దులు తెలియవలసింది వారికే ఎక్కువ, దెబ్బలు తినేవారిలో వారూ ఉన్నారు. ప్రత్యేక పాఠశాలలను ఈ పథకం పరిధిలోకి తీసుకురావాలి. నగర పోలీసులు తమ అవగాహన సదస్సుల్లో ‘ధైర్యంగా ఉండండి’ అన్న ప్రసంగాలు తగ్గించి, ఆత్మరక్షణలో కొట్టినవారు ఠాణాకు వస్తే వారి కథనాన్ని కూడా అదేరోజు నమోదు చేస్తామన్న భరోసా ఇస్తే చాలు. శిక్షకులకు ఏటా ఒకసారి న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్ల మీద ఒకరోజు తరగతి పెట్టి, దానికి హాజరైనవారికే నగరపాలక సంస్థ (జీవీఎంసీ) మైదానాలు, భవనాలు అద్దెకివ్వాలి.

జీవీఎంసీకి ప్రత్యేకంగా ఒకటి. మా వంటివారు ఉచితంగా నేర్పడానికి సిద్ధంగా ఉన్నా, మేము వాడుతున్న సామాజిక భవనంలో సాధన గది మేడ మీద ఉంది, మెట్లు తప్ప మరో దారి లేదు. చక్రాల కుర్చీలో వచ్చే ఇద్దరికి ప్రస్తుతం కింద సైకిళ్లు పెట్టే చోట చాపలు పరిచి నేర్పుతున్నాము. వర్షం పడితే ఆ రోజు తరగతి లేనట్టే. జోన్‌కు ఒక్క భవనంలోనైనా కింది అంతస్తులో ఒక హాలు, దానికి ర్యాంపు, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి కేటాయించి, తెల్లవారుజామునే హార్బరుకు వెళ్లి మధ్యాహ్నానికి తిరిగివచ్చే మత్స్యకార మహిళలకూ వీలుగా మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు తెరిచి ఉంచితే, నేర్పే పని మేము చూసుకుంటాము.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయురాలు,
మద్దిలపాలెం, విశాఖపట్నం.